గార్డా సరస్సు లాంచీ పాస్: ఎక్కడ కలిసొస్తుంది, ఎక్కడ దండగ

హైదరాబాద్ నుంచి బయల్దేరే యూరప్ ప్యాకేజీల్లో గార్డా సరస్సుకి దక్కేది మహా అయితే ఒక పూట. మిలాన్ నుంచి వెనిస్ వెళ్తూ దారిలో సిర్మియోనే దగ్గర బస్సు ఆపుతారు. కోట ముందు ఫొటోలు, చేతిలో ఒక జెలాటో, గంటన్నరకి మళ్లీ బస్సు. భోజనానికి పిలిస్తే గుమ్మంలో మంచినీళ్లు తాగి వచ్చేసినట్టు ఉంటుంది అది. ఇటలీలోకెల్లా పెద్ద సరస్సు ఇది, మూడు రాత్రులు ఉంటే గానీ దాని సంగతి తెలీదు. సొంతంగా టికెట్లు చేసుకుని, కారు లేకుండా తిరగాలనుకునే కుటుంబాల కోసం ఈ రివ్యూ. అసలు విషయం అక్కడి ప్రభుత్వ లాంచీలు, వాటి రోజు పాస్. ఊళ్ల సంగతి దాని వెంటే వస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం: సరస్సుని అడ్డంగా దాటడానికి లాంచీ, నిలువుగా పోవడానికి బస్సు. ఈ ఒక్కటి గుర్తుంటే పాస్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. మరిచిపోతే రోజంతా నీళ్ల మీదే గడిచి ఒక్క ఊరూ సరిగా చూడలేరు.

కారణం సరస్సు ఆకారమే. కూజాని తలకిందులు చేయకుండా మామూలుగా నిలబెట్టి ఊహించుకోండి. బొజ్జ దక్షిణాన, మెడ ఉత్తరాన. పొడవు 52 కి.మీ., బొజ్జ దగ్గర వెడల్పు 17 కి.మీ. దాకా, మెడ దగ్గర రెండు వైపులా కొండలు నొక్కేయడంతో మూడు నాలుగు కి.మీ. మాత్రమే. మొత్తం విస్తీర్ణం దాదాపు 370 చదరపు కి.మీ., అంటే మన హుస్సేన్ సాగర్ లాంటివి అరవైకి పైగా పడతాయి. మామూలు లాంచీ దక్షిణాన దెసెంజానోలో బయల్దేరితే ఈ ఒడ్డున ఒక ఊరు, ఆ ఒడ్డున ఒక ఊరు తాకుతూ వంకరటింకరగా పోతుంది. ఉత్తర కొస రీవా చేరేసరికి నాలుగు గంటలు దాటుతుంది. పోను రాను ఒకే రోజులో పెట్టుకున్నవాళ్లకి రీవాలో కాఫీ తాగే టైం కూడా మిగలదు. అదే మెడ భాగంలో మల్చేసినే, లిమోనే ఎదురెదురు ఒడ్లలో ఉంటాయి. లాంచీలో ఇరవై నిమిషాలు. రోడ్డు మీదైతే రీవా మీదుగా చుట్టి 30 కి.మీ. దాకా పోవాలి. పాస్ విలువ తెలిసేది ఇక్కడ.

పాస్‌లో రకాలున్నాయి: మొత్తం సరస్సుకి ఒకటి, పై భాగానికి ఒకటి, కింది భాగానికి ఒకటి. కౌంటర్‌లో ఏమీ చెప్పకుండా 'డే పాస్' అని అడిగితే మొత్తం సరస్సుది చేతిలో పెట్టొచ్చు, అది ఖరీదెక్కువ. ఆ రోజు మీరు తిరిగేది పై భాగమైతే 'ఆల్తో లాగో', కింది భాగమైతే 'బాస్సో లాగో' అని అడగండి. ఒక దగ్గరి ఊరికి పోయి రావడానికైతే పాస్ అక్కర్లేదు, విడి టికెట్లు చాలు. మూడు ఊళ్లు, అంతకు మించి తాకేటప్పుడే పాస్ తీసుకోండి. ఇంకోటి, పాస్ వర్తించేది మామూలు లాంచీలకి. టైం టేబుల్‌లో 'రాపిదో' అని గుర్తున్న వేగం లాంచీ ఎక్కితే మనిషికింత చొప్పున అదనంగా కట్టాలి. నలుగురున్న కుటుంబానికి అది తక్కువేమీ కాదు, దగ్గరి దూరాలకైతే మిగిలేది అరగంటో ముప్పావుగంటో. వేగం లాంచీలో కూర్చునేది అద్దాల లోపల, బయట డెక్ మీద కాదు. చూడ్డానికే వచ్చినవాళ్లకి దాని అవసరం లేదన్నది మా గట్టి అభిప్రాయం.

టైం టేబుల్ చదవడంలోనే చాలామంది దెబ్బతింటారు. 'ఫెరియాలి' అంటే పని రోజులు, శనివారం కూడా అందులోకే వస్తుంది. 'ఫెస్తీవి' అంటే ఆదివారాలు, సెలవులు. శనివారం వీకెండే కదా అని ఫెస్తీవి గళ్లో టైం చూసుకుని రేవుకి పోతే లాంచీ ఉండదు. మన పిల్లల వేసవి సెలవులకి సరిపోయే రోజుల్లో ఒకటి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి: జూన్ 2. మనకి తెలంగాణ ఆవిర్భావ దినం, వాళ్లకి రిపబ్లిక్ డే. ఆ రోజు ఏ వారమైనా ఫెస్తీవి లెక్కే, పైగా మిలాన్, వెరోనా జనమంతా సరస్సు ఒడ్డునే ఉంటారు. ఏప్రిల్ 25, మే 1 కూడా అంతే. ఆగస్టు 15 చుట్టూ ఉన్న వారం అసలు పెట్టుకోవద్దు, ఇటలీ మొత్తానికి అది సెలవుల కాలం.

చివరి లాంచీ ఇంకో ఉచ్చు. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఏడింటికి మన నాలుగున్నర ఎండలా ఉంటుంది, ఇంకా బోలెడు టైం ఉందనిపిస్తుంది. లాంచీలు మాత్రం వెలుతురు ఉండగానే ఆగిపోతాయి. ఊళ్లో దిగగానే ముందు చేయాల్సిన పని రేవు దగ్గర బోర్డులో తిరుగు లాంచీ టైం ఫోన్‌తో ఫొటో తీసుకోవడం. చివరిదానికి కాదు, దాని ముందు దానికి వచ్చి నిలబడండి. పాస్ ఉన్నంత మాత్రాన సీటు రాసిపెట్టి ఉండదు. ఆదివారం సాయంత్రం సిర్మియోనే రేవులో లైను కోట గోడ దాకా సాగుతుంది, లాంచీ నిండితే గొలుసు వేసేస్తారు.

ఎక్కడం దిగడం రెండు నిమిషాల పని. లాంచీ రేవుకి ఆనుతుండగానే ఒకతను మోకు విసిరి గుంజకి చుడతాడు, ఇనుప పలక దించుతారు, దిగేవాళ్లు మొత్తం దిగాకే ఎక్కేవాళ్లని వదులుతారు. చంటిపిల్లల బండి, పెద్ద సూట్‌కేసు ఉంటే ముందే ఆ మనిషికి చూపిస్తే ఓ చెయ్యి వేస్తారు. సీటు కోసం పైడెక్‌కి పరుగెత్తే ముందు ఎండ ఏ వైపో చూసుకోండి. ఉత్తరానికి పోయేటప్పుడు పొద్దున ఎండ కుడివైపు నుంచి కొడుతుంది, ఎడమ వైపు కూర్చుంటే నీడా ఉంటుంది, నిటారు కొండలున్న పడమటి ఒడ్డు కూడా బాగా కనిపిస్తుంది.

గాలి గురించి తెలిసి ఉంటే సగం ఇబ్బందులు తప్పుతాయి. తెల్లవారుజాము నుంచి ఉత్తరం గాలి వీస్తుంది, దాన్ని పెలేర్ అంటారు. మధ్యాహ్నం నుంచి దక్షిణం గాలి, దాని పేరు ఓరా. కొండలు వేడెక్కేకొద్దీ కింది మైదానం గాలిని లాగుతాయి, ఆ సన్నటి మెడలో దూరేసరికి జోరు పెరుగుతుంది. ఉత్తర కొసన ఉన్న తోర్బోలే దగ్గర విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్లకి అది పండగ, ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లకి కష్టం. పెద్దవాళ్లు వెంట ఉంటే ఉత్తర భాగం లాంచీలు మధ్యాహ్నం లోపే ముగించండి.

మకాం ఎక్కడన్నది తర్వాతి ప్రశ్న. కారు లేకపోతే పెస్కియేరా, లేదంటే దెసెంజానో. మిలాన్ - వెనిస్ రైలు మార్గంలో స్టేషన్లున్నది ఈ రెండింటికే. మిలాన్ సెంట్రల్ నుంచి వెరోనా పోయే ప్రాంతీయ రైలు రెండు చోట్లా ఆగుతుంది. ప్రాంతీయ రైలుకి ఎప్పుడు కొన్నా ఒకటే ధర, ముందుగా బుక్ చేయక్కర్లేదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మీద మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా పడుతుంది. మా ఓటు పెస్కియేరాకే: స్టేషన్ నుంచి రేవుకి పది నిమిషాల నడక, వెరోనాకి రైల్లో పావుగంట, సరస్సు నుంచి మించో నది బయటికి పోయేది ఈ ఊరి కోట గోడల మధ్య నుంచే. వెనిస్ పాలకులు కట్టించిన ఆ గోడలు 2017లో యునెస్కో జాబితాకెక్కాయి. పిల్లలు గార్డాలాండ్ పార్కు అని మారాం చేస్తే అదీ ఈ పక్కనే.

సిర్మియోనేకి పొద్దున తొమ్మిదిలోపు చేరండి. పదకొండయ్యాక ఆ సన్నటి వీధులు ఆదివారం చార్మినార్ లాడ్‌బజార్‌లా ఉంటాయి. నీళ్లలో నిలబడ్డ కోట వెరోనాని ఏలిన స్కాలిజెర్ వంశం వాళ్లది. లోపల పడవలు దాచుకునే రేవు కూడా కోట గోడల మధ్యే ఉంటుంది, దాన్ని పై నుంచి చూడ్డం కోసమైనా బురుజు ఎక్కాలి. ద్వీపకల్పం కొసన ఉన్నది 'కతుల్లో గుహలు'. పేరు విని గుహలనుకోవద్దు, రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ భవంతి శిథిలాలవి, 167 మీటర్ల పొడవు, 105 మీటర్ల వెడల్పు, చుట్టూ ఆలివ్ తోట. నీడ తక్కువ, టోపీ తప్పనిసరి. రెండింటికీ వారంలో ఒక రోజు సెలవుంటుంది, ఏ రోజో ప్రోగ్రామ్ వేసుకునేటప్పుడే చూసుకోండి. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం కాబట్టి ఆ రోజు జనం రెట్టింపు.

శిథిలాల కింద, ఒడ్డున పెద్ద పెద్ద బల్లపరుపు రాళ్లుంటాయి. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్ మెట్లలా కనిపిస్తాయి. నీటి అంచున ఉన్న రాతి మీద మాత్రం పలచటి ఆకుపచ్చ నాచు ఉంటుంది, తడిస్తే సబ్బు రాసిన బండలా జారుతుంది. మామూలు చెప్పులతో పడడం ఖాయం. రబ్బరు అడుగున్న నీటి బూట్లు డెకాథ్లాన్‌లోనే కొని సూట్‌కేసులో వేసుకోండి, ఒడ్డంతా గులకరాళ్లే కాబట్టి ప్రతి ఊళ్లోనూ పనికొస్తాయి. గాలిలో కోడిగుడ్డు వాసన వస్తే కంగారు పడొద్దు, అది గంధకం. సరస్సు అడుగున 69 డిగ్రీల వేడినీటి ఊట ఉంది, 1889లో గొట్టం వేసి ఒడ్డుకి తెచ్చారు. ఊళ్లో స్నానశాలలు నడుస్తున్నది ఆ నీటితోనే.

మల్చేసినే కోసం ఒక పూర్తి రోజు. ఇక్కడి రోప్‌వే రెండు దశలు. శాన్ మికేలే దగ్గర దిగి రెండోది ఎక్కాలి. ఆ రెండో డబ్బా పైకెళ్తూనే తన చుట్టూ తాను నిదానంగా తిరుగుతుంది, అందుకని కిటికీ పక్క చోటు కోసం తోసుకోనక్కర్లేదు, సరస్సు మీ ముందుకే వస్తుంది. దిగేది 1,760 మీటర్ల ఎత్తున, మోంతే బాల్దో మీద. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. కింద 30 ఉంటే పైన 19, గాలి ఉంటే ఇంకా తక్కువనిపిస్తుంది. స్వెటర్ లేకుండా ఎక్కినవాళ్లు పావుగంటలో కిందికి దిగిపోతారు, ఆ టికెట్ డబ్బంతా వృథా. మొదటి ట్రిప్పుల్లోనే వెళ్లండి. మధ్యాహ్నానికి మబ్బు పట్టేస్తుంది, లైను పెరిగిపోతుంది. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు, కాబట్టి దీన్ని మూడో రోజుకి దాచకుండా మొదటి రోజే పెట్టుకుంటే, తప్పితే ఇంకో రెండు రోజులుంటాయి.

పెస్కియేరా నుంచి తూర్పు ఒడ్డు వెంట బస్సులో మల్చేసినే, రోప్‌వే అయ్యాక ఇరవై నిమిషాల లాంచీలో ఎదురుగా లిమోనే. అక్కడ చూడాల్సింది నిమ్మతోటలు. కొండకి మెట్లు చెక్కి, రాతి స్తంభాలు నిలబెట్టి, చలికాలం వస్తే వాటి మీద చెక్కలు, అద్దాలు కప్పేవాళ్లు. ఆల్ప్స్ కొండల కింద మంచు పడే చోట నిమ్మకాయలు పండించడానికి పడ్డ కష్టం ఆ స్తంభాల్లో కనిపిస్తుంది. కొండ చరియకి వేలాడదీసినట్టు 2018లో తెరిచిన సైకిల్ దారి కూడా ఇక్కడే. రీవాకి మిగిలేది ఒక పూట, వరోనే జలపాతం చూసి రావడానికి సరిపోతుంది. ఉత్తర కొస త్రెంతీనో ప్రాంతంలోకి వస్తుంది, అక్కడ ప్రైవేటు మోటారు పడవలు నిషేధం. సొంతంగా పడవ అద్దెకి తీసుకుని నడుపుదామనుకుంటే దక్షిణాన చూసుకోవాలి. 40 హార్స్‌పవర్ దాకా లైసెన్సు అక్కర్లేదు.

కారు తీసుకుంటామనేవాళ్లకి రెండు మాటలు. మన ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని అసలు లైసెన్సుతో కలిపి పట్టుకెళ్లాలి. పాత ఊళ్ల మొదట్లో 'జెడ్ టీ ఎల్' బోర్డులుంటాయి, అంటే బయటి కార్లకి అనుమతి లేని ప్రాంతమని, దాటితే కెమెరా పట్టేస్తుంది, నెలల తర్వాత జరిమానా హైదరాబాద్ అడ్రసుకే వస్తుంది. పార్కింగ్‌లో తెల్లగీత ఉచితం, నీలం డబ్బులు, పసుపు మనకి కాదు. సరస్సు దాటడానికి తోర్రి - మదేర్నో మధ్య కార్లని ఎక్కించుకునే పంటు ఉంది, గోదావరి మీద నర్సాపురం పంటు లాంటిదే, పెద్దది.

తిండి. శాకాహారులు మెనూలో 'పెపెరోని' చూసి భయపడతారు, అక్కడ దానర్థం క్యాప్సికమే. మాంసం ఉండేది 'సలామె పికాంతె'లో, అంటే కారం సాసేజీ. 'మరినారా' పిజ్జాలో చేప ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అంతే, చీజ్ కూడా ఉండదు. అసలు జాగ్రత్త పడాల్సింది రిసొత్తో అనే అన్నం వంటకంతో: పైకి కూరగాయలే కనిపించినా తరచూ మాంసం పులుసులో ఉడికిస్తారు. 'బ్రోదో వెజెతాలే?' (కూరగాయల పులుసేనా?) అని అడగండి. పర్మెజాన్, గ్రానా చీజ్‌లలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు 'సెంజా ఫొర్మాజ్జో' (చీజ్ లేకుండా) అనాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటశాలలు మూసేసి మళ్లీ ఏడింటికి తెరుస్తాయి. పిల్లలుంటే బ్యాగులో పులిహోరో, చపాతీలో ఉండాలి, అందుకే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు. బిల్లులో 'కొపెర్తో' అని తలకింత పడితే మోసం కాదు, కూర్చున్నందుకు వేసే మామూలు చార్జీ. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, టేబుల్ దగ్గరైతే ఇంకో ధర.

ఉరుముల వాన వచ్చే సూచన ఉన్న రోజు పాస్ కొనొద్దు. లాంచీలు ఆలస్యమవుతాయి, కొన్ని రేవులకి ఆనకుండానే దాటి పోతాయి. అలాంటి రోజుకి పెస్కియేరాలో రైలెక్కి వెరోనా పోయి రండి. సరస్సుకి తెల్లారి వెళ్లొచ్చు, వాన వెలిసిన మర్నాడు కొండలు కడిగినట్టు కనిపిస్తాయి.