పడవ మీద కాపురానికి ఏ జనరేటర్ మేలు?

అక్టోబరు దాటిందంటే ఇంగ్లండు కాలువల మీద సోలార్ పలకలు పడవ కప్పుకు అలంకారంగా మిగిలిపోతాయి. జూన్‌లో పదహారు గంటలకు పైగా సాగే పగలు డిసెంబరు మూడో వారానికి లండన్‌లోనే ఎనిమిది గంటలకు లోపు పడిపోతుంది; ఉన్న ఆ కాస్త పొద్దులోనూ సూర్యుడు గట్టు మీది చెట్లను దాటి పైకి రాడు. మెరీనాలో, అంటే పడవలు నిలిపి ఉంచే రేవులో, కరెంటు తీగ తగిలించుకుని ఉండేవారికి దీనితో పేచీ లేదు. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఒకే చోట పద్నాలుగు రోజులకు మించి నిలవకుండా ఏడాది పొడవునా తిరుగుతూ ఉండవలసిన మాబోటివారికే జనరేటర్ ప్రశ్న ఏటా చలికాలంతో పాటు వస్తుంది.

నా నారోబోట్ (ఈ కాలువల ఇరుకు దారులకు సరిపోయేలా కట్టిన సన్నని పడవ) పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. గోదావరి డెల్టాలో పెరిగినవాడిని కనుక లాకు, అంటే నీటి మట్టం మారే చోట పడవను ఎక్కించి దించే తలుపుల గది, అనే మాట ఇక్కడ విన్నప్పుడు కొత్తగా అనిపించలేదు కానీ, ఏడడుగుల వెడల్పు లాకును మొదటిసారి చూసినప్పుడు మాత్రం నవ్వు వచ్చింది. ఈ పడవలో 110 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగున్నాయి. సగానికి మించి వాడితే వాటి ఆయుష్షు తగ్గుతుంది కనుక చేతికి అందేది 220 మాత్రమే. ఫ్రిజ్, నీళ్ల పంపు, దీపాలు, ల్యాప్‌టాప్ కలిసి రోజుకు సుమారు వంద తింటాయి. అంటే రెండు రోజులకొకసారి ఏదో ఒక ఇంజను ఆడించక తప్పదు. ఏ ఇంజను అన్నదే తేల్చుకోవాలి.

మొదటి దారి పడవను నడిపే డీజిల్ ఇంజనునే ఆడించడం. కొత్తగా కొనవలసింది లేదు, దొంగ ఎత్తుకుపోయేది లేదు, పైగా ఇంజను వేడితో స్నానానికి నీళ్లు కాగుతాయి. చలికాలంలో ఇది చిన్న లాభం కాదు. వంటకు, వెలుతురుకు, వెచ్చదనానికి వాడే డీజిల్ మీద పన్ను తక్కువ కావడం మరో సౌకర్యం. రేవులో నింపుకునేటప్పుడు ఇంత ప్రయాణానికి, ఇంత ఇంటి వాడకానికి అని మనమే చెప్పాలి, చాలామంది 60-40గా చెబుతారు. చిక్కల్లా లెడ్ యాసిడ్ బ్యాటరీల స్వభావంలో ఉంది. అవి మొదటి గంట, గంటన్నర ఆకలిమీద ఉన్నట్టు కరెంటు తీసుకుంటాయి. ఎనభై శాతం దాటాక చంటిపిల్లకు ఆఖరి ముద్దలు పెట్టినట్టే ఉంటుంది. ఆ చివరి ఇరవై శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంతసేపూ టన్నుల బరువు పడవను లాగగల ఇంజను గంటకు లీటరుకు పైగా డీజిల్ తాగుతూ రెండు మూడు బల్బుల పాటి పని చేస్తుంది. తగిన భారం లేకుండా అలా ఏళ్ల తరబడి ఆడించడం ఇంజనుకూ మంచిది కాదు, సిలిండర్ గోడలు నున్నబడి నూనె తాగడం మొదలుపెడుతుంది. కనుక పడవ కదిలే రోజుల్లో ఇదే మేలైన దారి, కట్టేసి ఉంచిన రోజుల్లో ఇదే ఖరీదైన దారి.

రెండో దారి ఇనుప గొట్టాల చట్రంలో బిగించిన చౌక పెట్రోలు జనరేటర్. కరెంటు కోతల రోజుల్లో మన ఊళ్లలో ప్రతి దుకాణం ముందూ తాడు లాగి ఆడించిన యంత్రాలకు ఇది దగ్గరి చుట్టం. రెండు మూడు వందల పౌండ్లకు రెండున్నర కిలోవాట్లు వస్తాయంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే ఇంటి కరెంటుకు కావలసిన 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై ఆవృత్తాలు, నిలబెట్టడానికి దాని ఇంజను దీపం ఒక్కటే వెలుగుతున్నా నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూనే ఉండాలి. ఆ హోరు కాలువ నీటి మీద ఎంతో దూరం పోతుంది. బరువు నలభై కిలోల పైమాటే. జారుడు గట్టు మీదికి, పైకీ కిందికీ ఒక్కడే మోయగల వస్తువు కాదు. కాలువ మీద ఇది నిలిచే బేరం కాదని నా అభిప్రాయం. పక్క పడవవారితో మాట పోయాక మిగిలిన డబ్బుతో చేసుకునేది ఏమీ ఉండదు.

మూడోది సూట్‌కేసు ఆకారంలో వచ్చే ఇన్వర్టర్ జనరేటర్. ఇందులో పుట్టిన కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ శుభ్రమైన ఏసీగా చేస్తారు కనుక ఇంజను వేగం 50 హెర్ట్జ్‌కు కట్టుబడి ఉండనక్కరలేదు. అవసరం తక్కువైతే నెమ్మదిగా తిరుగుతుంది. కాలువల మీద ఎక్కువగా కనిపించే హోండా ఈయూ22ఐనే తీసుకుంటే, గరిష్ఠం 2,200 వాట్లు, ఎడతెగకుండా ఇవ్వగలిగేది 1,800 వాట్లు, బరువు సుమారు 21 కిలోలు, ట్యాంకు 3.6 లీటర్లు. నిండు గ్యాస్ బండ కన్నా తేలిక. దాని తమ్ముడు ఈయూ10ఐ పదమూడు కిలోలే కానీ, నిలకడగా ఇచ్చేది 900 వాట్లు. ఇక్కడ చాలామంది పొరపడతారు. 12 వోల్టుల బ్యాటరీని నింపేటప్పుడు వోల్టేజి 14.4 దాకా ఉంటుంది కనుక 50 ఆంపియర్ల చార్జరు దానిలోకి పంపేది 720 వాట్లే అయినా, చార్జరు వృథా కూడా కలిపితే జనరేటర్ నుంచి లాగేది 850 దాకా ఉంటుంది. చౌక చార్జరైతే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) తక్కువ కావడం వల్ల జనరేటర్ మీద భారం ఇంకా ఎక్కువ. చిన్నది అలా గొంతుదాకా నిండి అరుస్తుంటే, పెద్దది సగం భారంతో గుసగుసలాడుతూ గంటకు సుమారు అరలీటరు పెట్రోలుతో సరిపెడుతుంది. మోయలేని నడుము నొప్పి ఉంటే తప్ప చిన్నదాని జోలికి వెళ్లవద్దనే చెబుతాను. పెద్దది కొన్నా మూడు కిలోవాట్ల ఇంగ్లీషు కెటిల్ దాని మీద పనిచేయదు. బట్టల మిషను నీళ్లు కాచే ఘట్టంలో జనరేటర్ ఊపిరి ఆగిపోతుంది.

ధర వెయ్యి పౌండ్ల పైచిలుకు. అదే ఆకారంలో సగం ధరకు దొరికేవీ ఉన్నాయి, అన్నీ చెడ్డవి కావు. చప్పుడు పోల్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం: ఒకరు ఏడు మీటర్ల దూరంలో కొలిచిన డెసిబెల్ అంకె వేస్తారు, మరొకరు యంత్రం నుంచి వెలువడే మొత్తం ధ్వనిశక్తి అంకె వేస్తారు. మొదటిది ఎప్పుడూ చిన్నదే. యంత్రం మీద అంటించిన ధ్వనిశక్తి ముద్రలనే పక్కపక్కన పెట్టి చూడాలి.

గ్యాసుతో నడిచేవి కూడా వస్తున్నాయి. పడవలో ఎలాగూ ప్రొపేన్ బండలుంటాయి కనుక పెట్రోలు డబ్బాల బెడద తప్పుతుందన్నది వాటికున్న ఆకర్షణ. శక్తి కొంత తగ్గుతుంది, వంటగ్యాసు బండ కలలో కూడా ఊహించనంత త్వరగా ఖాళీ అవుతుంది. ఇక బ్యాటరీలనే లిథియంకు మార్చుకున్నవారి లెక్క పూర్తిగా వేరు. అవి నిండేదాకా ఒకే ఆకలితో కరెంటు తీసుకుంటాయి, ఆ చివరి నాలుగైదు గంటల సాగతీత ఉండదు. రోజు వాడకమంతా జనరేటర్ మీద రెండు గంటల్లో తిరిగి వస్తుంది. సున్నా డిగ్రీల లోపు వాటిని చార్జి చేయకూడదని, పడవ ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు నేరుగా తగిలిస్తే ఆ ఆల్టర్నేటర్ మాడిపోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకుంటే చాలు.

ఇంతదాకా చెప్పినది ఎవరైనా దుకాణంలో చెప్పగలిగేదే. నా మాట వేరు: యంత్రాన్ని ఎంచుకోకముందు అది ఆడే చోటు, ఆగాక దాక్కునే చోటు ఎంచుకోవాలి.

2013 ఏప్రిల్ 1న విండర్‌మియర్ సరస్సులో కట్టేసి ఉన్న ఆర్నిస్టన్ అనే మోటారు పడవలో ఒక తల్లి, ఆమె కూతురు కార్బన్ మోనాక్సైడ్ సోకి చనిపోయారు. ప్రభుత్వ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం తేల్చిన కారణం ఇది: బయట ఆడించవలసిన చేతి జనరేటర్‌ను పడవ ఇంజను గదిలో పెట్టి, దాని పొగగొట్టానికి సొంతంగా అతుకులు వేశారు, ఆ అతుకు ఊడి పొగ లోపలే నిండింది. పడవ కట్టేటప్పుడు ఇలాంటి యంత్రాలకు ఎవరూ చోటు విడిచిపెట్టరు, అందుకే జనం చోటును కల్పించుకుంటారు. వాన పడుతుంటే ముందు డెక్ మీద కప్పిన కాన్వాసు కింద పెట్టేవారిని నేను ప్రతి చలికాలం చూస్తూనే ఉన్నాను. అది గుడారం కాదు, పొగ పట్టే సంచి. 2019 ఏప్రిల్ నుంచి పడవల భద్రతా పథకం కింద లోపల ఉండటానికి గదులున్న పడవల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం తప్పనిసరి అయింది. మన జనరేటర్ పొగ పక్క పడవ కిటికీలోంచి వాళ్ల పడకగదిలోకి కూడా పోగలదు కనుక ఆ అలారం మన కోసమే అనుకోవడం పొరపాటు.

నేను స్థిరపడిన చోటు అమరం, అంటే చుక్కాని ఉన్న వెనుక డెక్. పైన ఏ కప్పూ లేదు. కింద రెండు సెంటీమీటర్ల మందం రబ్బరు పలక, దాని వల్ల యంత్రం అదురుకు జరిగిపోదు, ఉక్కు డెక్ డప్పులా మోగదు. పొగగొట్టం నీటి వైపు, గాలి వాలుకు. గాలి తిరిగితే యంత్రాన్నీ తిప్పాలి. గట్టు మీద పెట్టడం కొందరికి ఇష్టం. పొగకు అది మేలే, కానీ ఆ గట్టు బాట సైకిళ్లవారిది కూడా. పడవ కప్పు మీద మాత్రం పెట్టవద్దు. ఆ ఉక్కు కింద కూర్చుని అన్నం తిని చూస్తే తెలుస్తుంది.

దాచే చోటు సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది. పడవ అడుగున చేరితే బయటికి పోదు, ఫ్రిజ్ స్విచ్చి నిప్పురవ్వ కోసం అక్కడే కూర్చుని ఉంటుంది. కనుక ట్యాంకులో పెట్రోలున్న జనరేటర్‌ను గదిలోకి, ఇంజను గదిలోకి తేకూడదు. గ్యాస్ బండల పెట్టె కట్టినట్టే లోపలికి ఏ సందూ లేకుండా, అడుగు రంధ్రం నుంచి ఆవిరి నేరుగా నీటి మీదికి జారిపోయేలా కట్టిన పెట్టెలోనో, ఆవిరి పడవ బయటికే పోయే తెరిచిన డెక్ మీదనో ఉంచాలి. ఈయూ22ఐ సుమారు 51 సెంటీమీటర్ల పొడవు, 29 వెడల్పు, 43 ఎత్తు. అణియం దగ్గర, అంటే పడవ ముందు భాగంలో, నాకు అలాంటి పెట్టెకు ఉన్న జాగా ఇంకో రెండు అంగుళాలు తక్కువై ఉంటే నేను ఈ వ్యాసంలో వేరే జనరేటర్ గురించి రాస్తూ ఉండేవాడిని. విడిగా పెట్రోలు నిల్వ చేయడానికి అనుమతించిన మొత్తం 30 లీటర్లు, ప్లాస్టిక్ డబ్బా పది లీటర్లకు మించరాదు, లోహపుది ఇరవైకి. నాకు ఐదు లీటర్ల డబ్బా ఒకటి చాలు. నింపడం మాత్రం గట్టు మీద, యంత్రం చల్లారాకనే.

దొంగల సంగతి. సూట్‌కేసు జనరేటర్ ఎత్తుకుపోయేవాడికీ సూట్‌కేసే. ఒక చేత్తో పట్టుకుని గట్టున నడిచిపోతే ఎవరూ తిరిగి చూడరు. నా మొదటిది పోయింది రాత్రి కాదు, పట్టపగలు, ఆడుతుండగానే. నేను లోపల స్నానం చేస్తున్నాను. చప్పుడు ఆగింది, పెట్రోలు అయిపోయిందనుకుని తల రుద్దుకోవడం పూర్తిచేసి, టీ కూడా పెట్టుకుని బయటికి వచ్చాను. రబ్బరు పలక మీద యంత్రపు నాలుగు కాళ్ల గుర్తులు, పక్కన విప్పి పడేసిన నా కరెంటు తీగ. గొలుసు ఉంది, పెట్టెలో. రాత్రికి కట్టవచ్చునని అక్కడ పెట్టినది.

ఆ రోజు నుంచి గొలుసు యంత్రంతో పాటే బయటికి వస్తుంది. దాన్ని పిడిలోంచి దూర్చి ఊరుకుంటే లాభం లేదు. పిడి ప్లాస్టిక్, చిన్న రంపానికి రెండు నిమిషాల పని. పిడి ఖాళీలో ఉక్కు గొట్టం బిగించి, ఆ గొట్టంలోంచి గొలుసు పోనిచ్చే తాళాలు దొరుకుతాయి. గొలుసు రెండో కొస డెక్‌కు వెల్డింగ్ చేసిన ఉక్కు కన్నంలోకి పోవాలి. పడవ ఉక్కుదే కనుక ఈ వెల్డింగ్ ఒక పూట పని, రేవులో ఎవరైనా చేసిపెడతారు. గొలుసు కడ్డీ పది మిల్లీమీటర్లకు తగ్గకుండా, తాళాలను, గొలుసులను పరీక్షించి ముద్ర వేసే సోల్డ్ సెక్యూర్ వారి గోల్డ్ ముద్ర ఉన్నది తీసుకోవాలి. మోటారు సైకిల్ దుకాణాల్లో దొరుకుతుంది. గొలుసు మీద ఎంత ఖర్చుపెట్టినా, దాన్ని నేల మీద వదులుగా పడేస్తే పెద్ద కత్తెర ఒక పిడిని నేలకు ఆన్చి మనిషి బరువంతా రెండో పిడి మీద వేయడానికి వీలిస్తుంది, అందుకే బిగుతుగా కట్టాలి. యంత్రం నంబరు రాసి ఫొటో తీసి ఉంచాలి. తాళం పగలగొట్టిన ఆనవాలు అడిగే బీమా పాలసీలున్నాయి. కట్టని జనరేటర్‌కు అవి పైసా ఇవ్వవు.

వైరింగ్ గురించి ఒక్క మాట. ఈ జనరేటర్లలో న్యూట్రల్, ఎర్త్ ఒకదానికొకటి కలిసి ఉండవు కనుక పడవలోని ప్రమాద నివారణ బ్రేకరు, అంటే ఆర్‌సీడీ, అనుకున్నట్టు పనిచేయదు. ఆ కలయికను ఎక్కడ, ఎలా చేయాలో పడవల ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోవాలి.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పడవ కదిలే రోజు పెద్ద ఇంజనుతోనే బ్యాటరీలు నిండుతాయి, స్నానమూ అప్పుడే. కదలని రోజు ఉదయం గంటసేపు ఇంజను ఆడించి ఆకలి తీర్చి, ఆ చివరి ఇరవై శాతాన్ని మధ్యాహ్నం నుంచి జనరేటర్‌కు అప్పగిస్తాను. కాలువల నిర్వాహకులైన కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నియమం ప్రకారం ఇతర పడవల దగ్గర రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా ఏ ఇంజనూ ఆడరాదు. నేను ఏడింటికే పెట్రోలు ట్యాపు కట్టేస్తాను. కార్బ్యురేటర్‌లో మిగిలిన చుక్కలతో కొద్ది నిమిషాలు ఆడి, రెండుసార్లు దగ్గి, దానంతటదే ఆగుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు లోపల జిగురు కట్టకుండా ఉండటానికి ఇది అలవాటు చేసుకోవలసిందే. వేడి యంత్రాన్ని పెట్టెలో పెట్టలేను కనుక అరగంట అక్కడే గొలుసుతో ఉంటుంది. నేను టీ బయటికి తెచ్చుకుని దాని పక్కనే తాగుతాను.