మెసేజింగ్ యాప్‌ను మొత్తంగా మూసేయడమా, హద్దులు పెట్టడమా: ఏది మేలు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో విదేశంలో మనిషి లేని ఊరు దొరకడం కష్టం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళున్నారు. నెల్లూరు, ఒంగోలు నుంచి అమెరికా చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు. ఎంబీబీఎస్ కోసం చైనా, రష్యా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్ పోయినవాళ్ళున్నారు. వీళ్ళను ఇంటితో కలిపి ఉంచేది ఫోన్‌లోని ఒక మెసేజింగ్ యాప్. ఆ యాప్ కంపెనీ దాదాపు ఎప్పుడూ పరాయి దేశానిదే. అక్కడి ప్రభుత్వమో ఇక్కడి ప్రభుత్వమో ఉన్నట్టుండి దాన్ని ఆపేస్తే ఇంట్లోవాళ్ళకు తెలిసేది ఆ సాయంత్రం కాల్ కలవనప్పుడే.

పరాయి కంపెనీ యాప్ మీద అనుమానం వచ్చినప్పుడు ప్రభుత్వాలు చేసేవి ముఖ్యంగా మూడు. మొత్తానికి మూసేయడం, తాము అనుమతించిన యాప్‌లకే కాల్స్ వదిలి మిగతావి ఆపడం, ప్రమాదం ఉన్న చోట మాత్రమే హద్దు పెట్టడం. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మూడోదే మేలనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

అమెరికాలో చైనీయులు ఏం చేశారు?

2020 ఆగస్టు 6న అప్పటి అధ్యక్షుడు ట్రంప్ వీచాట్‌ను ఆపే దిశగా ఉత్తర్వు ఇచ్చాడు. 45 రోజుల గడువు. వీచాట్ చైనా కంపెనీ టెన్సెంట్ నడిపే మెసేజింగ్ యాప్. అందులో పడే వ్యక్తిగత సమాచారం చైనా ప్రభుత్వానికి చేరుతుందన్నది అమెరికా చెప్పిన కారణం. చైనాలో ఫేస్‌బుక్ 2009 నుంచీ, వాట్సాప్ 2017 నుంచీ నడవడం లేదు. అందుకని అమెరికాలో ఉన్న కూతురు చైనాలో ఉన్న తల్లిని రోజూ పలకరించాలంటే వీచాటే గతి. చైనా తన గేటు వేసుకుంది, మిగిలిన ఒక్క దారికి అమెరికా కూడా అడ్డం పెట్టబోయింది. మధ్యలో ఇరుక్కున్నది ఆ కుటుంబాలు.

వాళ్ళు ఊరుకోలేదు. చైనీస్ అమెరికన్ లాయర్లు ముందుపడి యూ.ఎస్. వీచాట్ యూజర్స్ అలయన్స్ అనే సంఘం పెట్టారు. విరాళాలు పోగుచేసి ఆగస్టు 21న శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. గమనించాల్సింది ఏమిటంటే, కోర్టుకు వెళ్ళింది యాప్ కంపెనీ కాదు, దాన్ని వాడుకునే మామూలు మనుషులు. చైనీస్ మాట్లాడేవాళ్ళకు మానసిక ఆరోగ్య సేవలందించే ఒక సంస్థ బాధ్యురాలు కూడా పిటిషనర్లలో ఉన్నారు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళను తాము చేరగలిగేది ఆ యాప్ ద్వారానేనని ఆమె చెప్పుకున్నారు.

నిషేధం సెప్టెంబర్ 20 నుంచి అమల్లోకి రావాలి. మేజిస్ట్రేట్ జడ్జి లారెల్ బీలర్ సెప్టెంబర్ 19 తేదీతో ఇచ్చిన ఉత్తర్వులో దాన్ని ఆపేశారు. చైనాతో వచ్చే ప్రమాదం గురించి ప్రభుత్వం చాలా చెప్పింది గానీ, అమెరికాలో అందరికీ వీచాట్ మూసేస్తే ఆ ప్రమాదం తీరుతుందనడానికి చూపించింది కొంచెమేనని ఆమె అభిప్రాయం. పూర్తి నిషేధం కాకుండా వేరే దారులున్నాయని కూడా రాశారు. ఆస్ట్రేలియాలో లాగా ప్రభుత్వ ఫోన్లు, కంప్యూటర్లలో మాత్రం వీచాట్ వాడకూడదనడం వాటిలో ఒకటి. ఆ స్టే ఎత్తేయమని ప్రభుత్వం పైకోర్టుకు వెళ్తే అక్టోబర్ 26న అక్కడా కుదరలేదు. 2021 జూన్ 9న బైడెన్ ఆ ఉత్తర్వునే వెనక్కి తీసుకుని, ఇలాంటి యాప్‌లను ఆధారాలను బట్టి విడివిడిగా పరిశీలించమన్నాడు.

అమెరికా చైనీయులందరూ ఒకే మాట మీద లేరు. వీచాట్ మీద చైనా ప్రభుత్వ నిఘాకు భయపడి నిషేధమే మంచిదన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ భయం ఉత్తిది కాదు. చైనా బయట తెరిచిన ఖాతాల్లో పంపుకునే ఫొటోలను, ఫైళ్ళను కూడా వీచాట్ జల్లెడ పడుతోందని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2020 మేలో బయటపెట్టింది. ప్రమాదం లేదని కాదు నేననేది, దానికి వేసే మందు సంగతే అడుగుతున్నాను.

మన దగ్గర ఏం జరిగింది?

2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్ళలో మన తెలుగువాడు, సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఉన్నారు. జూన్ 29న కేంద్రం ఐటీ చట్టం సెక్షన్ 69ఎ (దేశ భద్రత లాంటి కారణాలతో యాప్‌లను, సైట్లను ఆపే అధికారం) కింద 59 చైనా యాప్‌లను ఆపేసింది. టిక్‌టాక్ గురించి అందరూ మాట్లాడుకున్నారు. ఆ జాబితాలోనే వీచాట్ కూడా ఉందన్న సంగతి దాంతో పనిపడినవాళ్ళకే పట్టింది. ఆ రోజుల్లో ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ దెబ్బ మన జిల్లాల్లో ఎక్కడ పడిందో కూడా చెప్పుకోవాలి.

చీమకుర్తి చూడండి. అక్కడ దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు చైనా పెద్ద గిరాకీ. షియామెన్‌లోనో మరో చోటో ఉన్న బయ్యర్‌కు బ్లాక్ చూపించాలంటే మామూలు ఫొటో సరిపోదు. ఎండిన బ్లాక్ మీద దుమ్ము తప్ప ఏమీ కనపడదు. బకెట్‌తో నీళ్ళు పోస్తే నలుపు తేలుతుంది, అందులో బంగారు రంగు చుక్కలు ఎంత దగ్గరగా ఉన్నాయో, ఏ మూల సన్నని పగులుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తడి ఆరకముందే నాలుగు వైపులా వీడియో తీసి, బ్లాక్ మీద పెయింట్‌తో వేసిన నంబరు కనపడేట్టు పంపాలి. అవతలివాడు అక్కడికక్కడే చూసి ధర మాట్లాడతాడు. చైనా బయ్యర్ ఫోన్‌లో ఉండేది వీచాటే. అది పోతే మెయిల్ పెట్టుకోవాలి, లేదా మధ్యవర్తిని పట్టుకోవాలి. మధ్యవర్తి వచ్చాడంటే కమీషన్ కూడా వస్తుంది.

ఇంతకంటే నన్ను బాధపెట్టింది ఎంబీబీఎస్ పిల్లల సంగతి. అప్పట్లో చైనాలో చదివే భారతీయ విద్యార్థులు సుమారు 23,000 మంది. కోవిడ్‌కు ఇంటికొచ్చినవాళ్ళను చైనా రెండేళ్ళకు పైగా వెనక్కి రానివ్వలేదు. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లోనే. బీజింగ్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి అక్కడ ఎనిమిదింటి క్లాసుకు ఇక్కడ తెల్లవారి ఐదున్నరకే ఫోన్ ముందు కూర్చోవాలి. యూనివర్సిటీల నోటీసులు, గ్రూపులు చాలావరకు వీచాట్‌లో, క్లాసులు కొన్నిచోట్ల డింగ్‌టాక్ అనే ఇంకో చైనా యాప్‌లో. వీచాట్ జూన్‌లో పోయింది, డింగ్‌టాక్‌ను అదే ఏడాది నవంబర్‌లో ఆపేశారు. ఫీజు మాత్రం కట్టాలి. ఇల్లు తాకట్టు పెట్టి చదివిస్తున్న తల్లిదండ్రులకు ఇది ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్లలు దేశానికి చేసిన ద్రోహం ఏముంది?

ఆ 59 యాప్‌ల నిషేధాన్ని 2021 జనవరిలో శాశ్వతం చేశారు. 2023 మేలో ఇంకో 14 మెసేజింగ్ యాప్‌లు ఆగాయి, జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్నది కారణం. ఆ జాబితాలో ఇమో కూడా ఉంది. నెట్ సరిగా లేని చోట కూడా కాల్ కలుస్తుందని గల్ఫ్ కుటుంబాలు ఏళ్ళ తరబడి నమ్ముకున్న యాప్ అది. ఉగ్రవాది ఒక యాప్ పోతే ఇంకోటి వెతుక్కుంటాడు. అరవయ్యేళ్ళ అమ్మకు ఇంకో యాప్ నేర్పేవాళ్ళు ఊళ్ళో ఉండాలి కదా.

గల్ఫ్ పద్ధతి

దుబాయ్, షార్జా ఉన్న యూఏఈలో వాట్సాప్ మెసేజ్ పోతుంది, వాయిస్ మెసేజ్ పోతుంది, కాల్ మాత్రం పోదు. ఇంటర్నెట్ కాల్స్‌కు అక్కడ లైసెన్సు కావాలి. 2018 జనవరిలో అక్కడి టెలికాం కంపెనీ ఎతిసలాత్, బోటిమ్ లాంటి కాలింగ్ యాప్‌లతో ప్లాన్ తెచ్చినప్పుడు మొబైల్‌కు నెలకు 50 దిర్హాములు, ఇంటి కనెక్షన్‌కు 100 దిర్హాములు పెట్టారు. కూలి పనికి వెళ్ళినవాడికి అది చిన్న మొత్తం కాదు. సౌదీ 2017 సెప్టెంబర్‌లో తన నిబంధనలు పాటించే యాప్‌లకు ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు ఎత్తేసింది. కువైట్‌లో వాట్సాప్ కాల్ కలుస్తుంది. అందుకని ఒక కొడుకు కువైట్‌లో, ఇంకో కొడుకు షార్జాలో ఉన్న తల్లి పెద్దోడికి వాట్సాప్ పచ్చ బొమ్మ నొక్కాలి, చిన్నోడికి బోటిమ్ నీలం బొమ్మ నొక్కాలి. ‘‘అన్నం తిన్నావా నాయనా, ఓసారి కనపడు’’ అన్న ఆ రెండు మాటల కోసం.

ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది, దారి పూర్తిగా మూయలేదు. ఖర్చవుతుంది గానీ కొడుకు మొహం కనపడుతుంది. ఆ లెక్కన మొత్తం నిషేధం కంటే ఇది నయమే. కానీ దీని వెనకున్నది భద్రత కంటే టెలికాం కంపెనీల ఆదాయమేనన్న విమర్శను కొట్టిపారేయలేం. పైగా ఆ దేశంలో ప్రవాసికి ఓటు లేదు, సంఘం పెట్టుకుని కోర్టు మెట్లెక్కే వీలూ లేదు. ఏదైనా అడగాలంటే వాళ్ళ తరఫున మన ప్రభుత్వమే అడగాలి. రష్యా కూడా 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌కు అడ్డం పెట్టి మాక్స్ అనే సొంత యాప్‌ను ముందుకు తోస్తోంది. అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లల ఇళ్ళలో ఇప్పుడు అదే గొడవ.

హద్దు పెట్టడం కుదిరే పనేనా?

కుదురుతుందని మన సైన్యమే చూపించింది. 2020 జూలైలో సైనికులు ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయాలని ఆర్మీ ఆదేశించింది. అందులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉన్నాయి. సైనికుడి ఫోన్‌లో ఫేస్‌బుక్ ప్రమాదమని దేశమంతా ఫేస్‌బుక్ మూసేయలేదు. రహస్యం ఎవరి దగ్గరుందో వాళ్ళ ఫోన్‌లోనే హద్దు పెట్టారు. సైనికుడికి, అధికారికి, అణు కేంద్రంలో ఇంజనీరుకు ఒక రూలు, చీమకుర్తి వ్యాపారికి ఇంకో రూలు ఉండటంలో తప్పేముంది?

హద్దు పెడితే ప్రమాదం పూర్తిగా పోదన్నది నిజం. మామూలు మనిషి మాటలు కూడా పరాయి సర్వర్‌లో పడుతూనే ఉంటాయి. కానీ పూర్తి నిషేధంతో అది ఆగిందా అంటే, అవసరం ఉన్నవాళ్ళు చాలామంది వీపీఎన్ (వేరే సర్వర్ మీదుగా నెట్ నడిపి అడ్డం దాటించే యాప్) పట్టుకున్నారు. ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత వీపీఎన్‌లో ఫోన్‌ను పెట్టడం మొదటిదానికంటే పెద్ద ముప్పు. మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు, అయితే వాడేవాళ్ళ వివరాలు ఐదేళ్ళు దాచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆ కంపెనీలను ఆదేశించింది. యూఏఈలో వీపీఎన్‌ను నేరం చేయడానికి వాడారని తేలితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా ఉంటుంది. షార్జాలో ఉన్న మీ తమ్ముడికి ‘వీపీఎన్ వేసుకో’ అని తేలిగ్గా సలహా ఇవ్వకండి. అక్కడ అనుమతి ఉన్న యాప్‌లోనే నిశ్చింతగా మాట్లాడుకోవడమే మేలు.

కోర్టా, అర్జీనా?

కోర్టు దారి మనకూ మూసి లేదు. 69ఎ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో చెప్పింది. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, పద్ధతి ప్రకారం నడవాలి అన్నదాన్ని చూసే అలా చెప్పింది. 2020 జనవరి 10న అనురాధా భసీన్ తీర్పులో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే హక్కుకే కాదు, దాని ద్వారా వ్యాపారం చేసుకునే హక్కుకూ రాజ్యాంగ రక్షణ ఉందని తేల్చింది. చీమకుర్తి వ్యాపారికి పనికొచ్చే మాట అది. చిక్కల్లా, 2009 నాటి బ్లాకింగ్ రూల్స్‌లో నోటీసు యాప్ కంపెనీకి పోతుందే తప్ప వాడుకునేవాడికి రాదు. ఆ విచారణ వివరాలు రహస్యంగా ఉంచాలని కూడా ఆ రూల్సే చెప్తాయి. ఉత్తర్వే చేతికి రాకపోతే హైకోర్టులో ఏం చూపించి వాదించాలి? అమెరికాలో ఉత్తర్వు అందరి ముందూ ఉంది, అందుకే అక్కడి సంఘం నెలరోజుల్లో స్టే తెచ్చుకోగలిగింది. ఇక్కడ ఏళ్ళు పడుతుంది.

అందుకే కోర్టు కంటే ముందు అర్జీ మేలంటాను, అదీ ఒక్కొక్కరు కాదు, కలిసి పెట్టేది. చైనా వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు, గ్రానైట్ వ్యాపారులు, గల్ఫ్ కుటుంబాలు ముగ్గురూ వేర్వేరు చోట్ల మొత్తుకున్నారు గానీ ముగ్గురి బాధా ఒకటే. నెల్లూరు, ఒంగోలు ఎంపీలకు, ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి ఒకే కాగితం ఇవ్వొచ్చు. విదేశంలో ఉన్న మనిషి పేరు మీద ఇబ్బంది ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇదంతా వీచాట్ కోసం మాత్రమే అనుకోవద్దు. మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలన్న 2021 ఐటీ రూల్స్ మీద ఢిల్లీ హైకోర్టులో కేసు నడుస్తుండగా, ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ మెసేజ్ చదవలేని తాళం) తీయమంటే వాట్సాప్ దేశం వదిలి పోతుందని 2024 ఏప్రిల్‌లో దాని లాయరే చెప్పాడు. వాట్సాప్ కూడా మనకు పరాయి కంపెనీయే. అది ఒక్కరోజు ఆగితే మన రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్ళలో ఫోన్ మూగబోతుందో ఊహించుకోండి.

ఆ కాగితంలో అడగాల్సినవి ఇవి: ఏ యాప్‌ను ఆపినా ఉత్తర్వు, కారణం బయటపెట్టాలి. ఆపే ముందు గడువు ఇవ్వాలి, అమెరికా ఇచ్చిన 45 రోజులకు తక్కువ కాకుండా. చదువు, వ్యాపారం, కుటుంబం కోసం ఆ యాప్ తప్ప వేరే దారి లేదని చూపించగలిగినవాళ్ళకు మినహాయింపు ఉండాలి. వాడుకునేవాళ్ళ సంఘాన్ని కూడా విచారణకు పిలవాలి. కాగితానికి విద్యార్థి అడ్మిషన్ లెటర్, ఎక్స్‌పోర్ట్ ఇన్‌వాయిస్, వీసా పేజీ జిరాక్స్‌లు జత చేస్తే అధికారి దాన్ని పక్కన పెట్టడం కష్టమవుతుంది.