జాస్ప్: సైకాలజీ డేటాకి సరైన టెస్ట్ ఎంచుకోవడంలో ఎంతవరకు సాయపడుతుంది?

డిసర్టేషన్ల సీజన్ మొదలైందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే: "మేడం, నా డేటాకి ఏ టెస్ట్ వెయ్యాలి?" టెస్ట్ అంటే ఇక్కడ, డేటాలో కనబడ్డ తేడా కాకతాళీయమా కాదా అని చూసే గణాంక పరీక్ష. విశాఖలో ఎమ్మే సైకాలజీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్తాను. ఈ ప్రశ్నకి నోటితో జవాబివ్వడం మానేసి, వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే జాస్ప్ అనే గణాంకాల ప్రోగ్రామ్ తెరిపించి, డేటా అందులో పెట్టించి, దాన్ని చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. అందుకే ఈ రివ్యూ. ఫీచర్లన్నీ ఏకరువు పెట్టను. టెస్ట్ ఎంచుకోవడంలో ఇది ఎక్కడ సాయం చేస్తుంది, ఎక్కడ చెయ్యలేదు, అదే చెప్తాను.

జాస్ప్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ఉచిత ప్రోగ్రామ్. ఎరిక్-యాన్ వాగన్‌మేకర్స్ అనే సైకాలజీ ప్రొఫెసర్ నడిపిన బృందం పని ఇది. పేరులో మొదటి అక్షరం బేజియన్ గణాంకాలకి (కొత్త డేటా వచ్చేకొద్దీ మన అంచనాని సవరించుకునే పద్ధతికి) పునాది వేసినవాళ్లలో ఒకరైన హెరాల్డ్ జెఫ్రీస్‌ది. లోపల లెక్కలు చేసేది ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష, మనకి కనబడేవి మెనూలు, టిక్కులు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

ఉచితం అన్నది చిన్న సంగతి కాదు. 1968లో మొదలై, 2009లో ఐబీఎం చేతికి వెళ్లిన ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల ప్రోగ్రామ్ మన సిలబస్‌లలో ఇంకా ప్రధాన పీఠం మీదే ఉంది. ల్యాబ్‌లో ఉంటుంది, ఇంట్లో ఉండదు. సొంతంగా కొనుక్కోవడం హాస్టల్లో ఉండి చదివే అమ్మాయి వల్ల అయ్యే పని కాదు. దాంతో డేటా షీటు తీసుకెళ్లి డబ్బులిచ్చి ఎనాలిసిస్ చేయించుకుంటారు. టేబుళ్ల కట్ట చేతికొస్తుంది. వైవాలో "ఇక్కడ ఏనోవా ఎందుకు?" (ఏనోవా అంటే చాలా గుంపుల సగటుల్ని ఒకేసారి పోల్చే టెస్ట్) అని అడిగితే నోరు పెగలదు. ఆరు నెలలు తిరిగి, ఇంటింటికీ వెళ్లి ప్రశ్నావళి నింపించిన పిల్ల తన డేటా గురించి తానే మాట్లాడలేకపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. జాస్ప్ నాకు నచ్చడానికి మొదటి కారణం ఆ పిల్ల ఎనాలిసిస్‌ని తన గదిలో, తన చేత్తో చేసుకోగలగడమే.

ఇక టెస్ట్ ఎంపిక. డేటాని మామూలు టెక్స్ట్‌గా దాచే సీఎస్‌వీ ఫైలు తెరవగానే ప్రతి కాలమ్ పేరు పక్కనా ఒక చిన్న బొమ్మ వస్తుంది. స్కేలు బొమ్మ ఉంటే కొలత (స్కేల్), మెట్లలా పెరిగే గీతలుంటే వరస (ఆర్డినల్), మూడు గుండ్రాలుంటే వర్గం (నామినల్). 1946లో సైకాలజిస్టు ఎస్. ఎస్. స్టీవెన్స్ కొలతల స్థాయిల గురించి చెప్పిన విషయాన్ని మొదటి సెమిస్టర్‌లో అందరూ బట్టీ పట్టేస్తారు. ఇక్కడ అది ప్రతి కాలమ్ మీదా కూర్చుని ఉంటుంది, తప్పించుకోవడం కుదరదు. వేరువేరు విలువలు కొద్దిగానే ఉంటే జాస్ప్ తనంతట తానే ఆ కాలమ్‌ని వర్గంగానో వరసగానో అనుకుంటుంది. కాబట్టి ఎంత ఏకీభవిస్తారో 1 నుంచి 5 వరకు అంకెల్లో చెప్పమనే లైకర్ట్ ప్రశ్న ఒక్కటీ సాధారణంగా కొలతగా రాదు. అదే ఇరవై ప్రశ్నలు కూడిన మొత్తం స్కోరు మాత్రం కొలతగా వస్తుంది. ఈ తేడా మీద ఒక క్లాసంతా చెప్పొచ్చు. ఒకే ఒక్క ప్రశ్నకి "ఏకీభవిస్తాను", "పూర్తిగా ఏకీభవిస్తాను" అన్న జవాబుల మధ్య దూరం, "తటస్థం", "ఏకీభవిస్తాను" మధ్య దూరంతో సమానమని ఎవరూ హామీ ఇవ్వలేరు. చాలా ప్రశ్నల మొత్తం స్కోరుని కొలతగా తీసుకోవడం మన శాస్త్రంలో ఎప్పట్నుంచో ఉన్న వాడుక, దానికి సమర్థన కూడా ఉంది. బొమ్మ మీద నొక్కి రకం మార్చుకోవచ్చు. మార్చే ముందు ఎందుకు మారుస్తున్నారో నాకు చెప్పమంటాను.

రెండో సాయం ఇంకా విలువైనది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది డేటా వేసే తీరు. రెండు వేరువేరు గుంపుల్ని పోల్చే టెస్ట్‌కి జాస్ప్ ఒక కాలమ్‌లో స్కోరు, పక్క కాలమ్‌లో గుంపు పేరు అడుగుతుంది. అదే మనుషుల్ని రెండుసార్లు కొలిస్తే ఒక్కొక్కరికి ఒక అడ్డ వరస, రెండు కొలతలు పక్కపక్క కాలమ్‌లలో ఉండాలి. ప్రాణాయామానికి ముందు, తర్వాత ఆందోళన స్కోర్లు తెచ్చిన అబ్బాయి, ముందువన్నీ పైన, తర్వాతవన్నీ కింద, ఎవరివి ఎవరివో గుర్తు లేకుండా రాసుకొస్తే జత కొలతల సగటుల్ని పోల్చే పెయిర్డ్ టీ-టెస్ట్ పెట్టెలో వెయ్యడానికి ఏమీ దొరకదు. ప్రోగ్రామ్ ఏమీ తిట్టదు, ముందుకు మాత్రం కదలదు. ఎవరి 'ముందు' ఎవరి 'తర్వాత'తో జతో రాసి పెట్టుకోకపోతే ఏ టెస్టూ ఆదుకోదు. ఈ పాఠం డేటా తీసుకున్నాక తెలిస్తే ఉపయోగం లేదు. అందుకని మా పిల్లలకి ప్రశ్నావళి పంచకముందే ఉత్తుత్తి అంకెలతో షీటు నింపి జాస్ప్‌లో తెరిచి చూడమంటున్నాను.

దీన్ని చూపించడానికి బయటి డేటా అక్కర్లేదు. ప్రోగ్రామ్‌లోనే డేటా లైబ్రరీ ఉంది. అందులో 15 మంది డిమెన్షియా రోగుల ఫైలు ఒకటి ఉంటుంది. చంద్రుడి దశని బట్టి వాళ్ల అల్లరి ప్రవర్తన ఎలా మారిందో, ఒక్కో రోగికి రెండు కొలతలు. పౌర్ణమికి మతిస్థిమితం తప్పుతుందన్న నమ్మకం మన ఊళ్లలోనూ ఉంది కాబట్టి క్లాసులో ఆసక్తిగా వింటారు. 15 మందే అయినా తేడా స్పష్టంగా తేలుతుంది. ఎందుకంటే ప్రతి రోగినీ అతనితోనే పోలుస్తున్నాం, మనిషికీ మనిషికీ ఉండే తేడా లెక్కలోంచి తప్పుకుంటుంది. ఎంతమంది కావాలో లెక్కగట్టే జీ-పవర్ ప్రోగ్రామ్‌లో చూసినా ఇదే కనబడుతుంది: కోహెన్ డీ (తేడా పరిమాణం) 0.5, ఆల్ఫా (లేని తేడాని ఉందనే అవకాశం) 0.05, పవర్ (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) 80 శాతం అనుకుంటే రెండు వేరు గుంపులకి కలిపి 128 మంది కావాలి. అదే మనుషుల్ని రెండుసార్లు కొలిచి, తేడాల స్కోర్లలో అంతే ప్రభావం ఉందనుకుంటే 34 మంది చాలు.

ఇప్పుడు టీ-టెస్ట్ పెట్టె. రెండు గుంపుల్ని పోల్చే స్టూడెంట్, వెల్చ్, మాన్-విట్నీ టెస్టులు మూడూ ఒకదాని కింద ఒకటి టిక్కులుగా ఉంటాయి. ఇవి ఒకే ప్రశ్నకి దగ్గరి చుట్టాలన్న సంగతి ఆ అమరికలోనే అర్థమవుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మాన్-విట్నీ వేరే మెనూలో, ఎక్కడో ఉంటుంది. కింద నార్మాలిటీ (స్కోర్లు గంట ఆకారంలో పరుచుకున్నాయా), వేరియన్స్‌ల (స్కోర్ల చెదరుదల) సమానత్వం చూసే టిక్కులున్నాయి. స్టూడెంట్ టెస్ట్ వేశాక లెవీన్ టెస్ట్ సమానత్వం లేదని తేలిస్తే టేబుల్ కింద ఫుట్‌నోట్ కూడా పెడుతుంది. బావుంది. నాకు నచ్చనిది, పెట్టె తెరవగానే స్టూడెంట్‌కి టిక్కు ఉండటం. రెండు గుంపుల వేరియన్స్‌లు సమానమని ముందే అనుకోవడానికి సైకాలజీలో సాధారణంగా కారణం ఉండదు. వెల్చ్ టెస్ట్ ఆ షరతు అడగదు, సమానంగా ఉన్నప్పుడు కూడా పెద్దగా నష్టపరచదు. సైకాలజిస్టులు మామూలుగా వెల్చ్‌నే వాడాలని 2017లో డెలాక్ర్, లేకెన్స్, లేస్ వివరంగా వాదించారు. నేను ఆ పక్షమే. మా పిల్లలు పెట్టె తెరవగానే చేసే మొదటి పని స్టూడెంట్ తీసేసి వెల్చ్‌కి టిక్కు పెట్టడం.

నార్మాలిటీ చూసే షపీరో-విల్క్ టిక్కుతో ఇంకో చిక్కుంది. దాన్ని గేటు కాపలాదారుడిలా వాడేస్తున్నారు: పీ విలువ (అసలు ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం రాగల సంభావ్యత) 0.05 కంటే తక్కువొస్తే మాన్-విట్నీ, ఎక్కువొస్తే టీ-టెస్ట్. పది మంది డేటాలో ఆ టెస్ట్‌కి పెద్ద వంకర కూడా కనబడకపోవచ్చు. ఐదొందల మందిలో పట్టించుకోనక్కర్లేని వంకర కూడా కనబడుతుంది. అంటే అవసరమైన చోట మౌనం, అక్కర్లేని చోట అరుపు. దానికి బదులు పక్కనున్న, డేటా ఆకారాన్ని బొమ్మగా చూపే క్యూ-క్యూ ప్లాట్, రెయిన్‌క్లౌడ్ ప్లాట్ చూడండి. ఎటువైపు తోక లాగింది, ఎవరైనా ఒక్కరే దూరంగా ఉన్నారా అన్నది కంటితో తెలుస్తుంది. మాన్-విట్నీ మీడియన్లను (మధ్య విలువల్ని) పోలుస్తుందని రాసేవాళ్లు కూడా ఎక్కువే. అది ర్యాంకుల్ని పోలుస్తుంది. రెండు పంపిణీల ఆకారం ఒకటే అయితేనే దాన్ని మీడియన్ల తేడాగా చెప్పుకోవచ్చు.

మన పాఠాల్లోంచి వచ్చే "30 కంటే ఎక్కువ మంది ఉంటే జెడ్-టెస్ట్, తక్కువైతే టీ-టెస్ట్" అన్న సూత్రం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ 1908లో 'స్టూడెంట్' పేరుతో ప్రచురించింది చిన్న శాంపిల్స్ కోసమే, నిజమే. కానీ శాంపిల్ పెరిగేకొద్దీ టీ పంపిణీ తనంతట తానే నార్మల్‌కి దగ్గరైపోతుంది. జనాభా వేరియన్స్ తెలియనప్పుడు, అంటే మన పనిలో దాదాపు ఎప్పుడూ, 30 మందికైనా 300 మందికైనా టీ-టెస్టే. జాస్ప్‌లో రెండు గుంపుల పెట్టెలో జెడ్ కనబడక కంగారుపడే వాళ్లకి ఇదే జవాబు.

ఒకే మనుషుల్ని చాలాసార్లు కొలిచే రిపీటెడ్ మెజర్స్ ఏనోవా దగ్గర జాస్ప్ నిజంగా మెప్పిస్తుంది. ముందు అంశాలకి, వాటి స్థాయిలకి పేర్లు పెట్టమంటుంది, ఆ తర్వాతే కాలమ్‌లు వెయ్యనిస్తుంది. లైబ్రరీలో పురుగుల డేటా ఉంది: భయపెట్టేవి ఎక్కువ-తక్కువ, అసహ్యం కలిగించేవి ఎక్కువ-తక్కువ, ఈ నాలుగు రకాల పురుగుల్లో ఒక్కోదాన్ని వదిలించుకోవాలని ఎంత అనిపించిందో అందరూ చెప్పారు. బల్లుల్ని, బొద్దింకల్ని రోజూ చూసే హాస్టల్ పిల్లలకి దీనికి పరిచయ వాక్యాలు అక్కర్లేదు. దీంట్లో స్ఫెరిసిటీ (ఏ రెండు కొలతల మధ్య తేడాలు చూసినా వాటి వేరియన్స్ ఒకటే ఉండాలన్న షరతు) టిక్కు పెట్టించి, ఎందుకు పట్టించుకోనక్కర్లేదో అడుగుతాను. అంశానికి రెండే స్థాయిలుంటే ఆ షరతుకి అర్థమే లేదు, మూడు దగ్గర్నుంచే, ఆ షరతు తప్పినప్పుడు, గ్రీన్‌హౌస్-గైజర్ సవరణ అవసరం పడుతుంది.

చాలా రకాల స్కోర్లను ఒకేసారి గుంపుల మధ్య పోల్చే మానోవా టేబుల్‌లో, విల్క్స్ లాంబ్డా అనే కొలమానం పక్కన కనబడే ఎఫ్ విలువ 1951లో గణాంక శాస్త్రవేత్త సి. ఆర్. రావు గారు ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రం మీద ఆధారపడింది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. ఆ ఎఫ్‌ని చూపించినప్పుడల్లా ఈ ఊళ్లో కూర్చుని చదువుతున్న పిల్లలకి ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు జాస్ప్ చెయ్యలేనిది. అన్నిటికంటే గట్టి షరతుకి ఏ టిక్కూ లేదు: ఒకరి స్కోరు ఇంకొకరి స్కోరుతో ముడిపడి ఉండకూడదు. రెండు కాలేజీల నుంచి, ఒక్కో కాలేజీలో మూడేసి సెక్షన్ల నుంచి పరీక్షల ఆందోళన స్కోర్లు తెచ్చారనుకోండి. ఒకే సెక్షన్ పిల్లలకి ఒకే టీచరు, ఒకే పరీక్ష. వాళ్ల స్కోర్లు ఒకదానికొకటి స్వతంత్రం కావు. మామూలు టీ-టెస్ట్ వేస్తే పీ విలువ అన్యాయంగా చిన్నదైపోవచ్చు. లెవీన్ దీన్ని పట్టుకోదు, షపీరో పట్టుకోదు. ఇలా ముడిపడ్డ డేటా కోసం మిక్స్‌డ్ మోడల్స్ మాడ్యూల్ జాస్ప్‌లోనే ఉంది, కానీ దాని అవసరం ఉందని చెప్పాల్సింది అధ్యయనం చేసిన మనిషే. భార్యాభర్తల్ని, కవలల్ని, ఒకే ఇంటి వాళ్లని శాంపిల్‌లో తీసుకున్నా ఇదే సంగతి.

టిక్కు పెట్టగానే కుడివైపు ఫలితం క్షణంలో మారిపోతుంది. నేర్పేటప్పుడు ఇది వరం. గడువు దగ్గరపడ్డ విద్యార్థికి ఇదే ప్రలోభం: మూడు టెస్టులూ టిక్కు పెట్టి, 0.05 కిందకి వచ్చినదాన్ని థీసిస్‌లో ఎక్కించడం. దీన్ని ఆపగలిగేది ఒక్కటే, డేటా రాకముందే ఏ టెస్ట్ వేస్తారో రాసి సంతకం పెట్టి గైడ్‌కి ఇవ్వడం. లైబ్రరీలోని కిచెన్ రోల్స్ ఫైలు దీనికి మంచి పాఠం. కాగితపు చుట్టని గడియారం తిరిగే దిశలో తిప్పితే మనిషి కొత్త అనుభవాలకి ఎక్కువ సుముఖుడవుతాడని ఒక అధ్యయనం చెప్పింది. వాగన్‌మేకర్స్ బృందం ఎనాలిసిస్ ముందే ప్రకటించి, 2015లో ప్రచురించిన పునఃపరిశీలనలో ఆ ప్రభావం కనబడలేదు. బేజియన్ మెనూలో అదే టెస్ట్ వేస్తే, తేడా లేదన్న వైపు డేటా ఎంత మొగ్గిందో బేస్ ఫ్యాక్టర్ చెబుతుంది. "ప్రాముఖ్యం రాలేదు" అని రాసి దిగులుపడే విద్యార్థికి ఇది చాలా పనికొస్తుంది.

గైడ్‌లకి ఒక మాట. జాస్ప్ ఫైలులో డేటా, పెట్టిన టిక్కులు, ఫలితాలు మూడూ కలిసే ఉంటాయి. విద్యార్థి ప్రింటవుట్ తెస్తే ఒప్పుకోకండి, ఆ ఫైలు మెయిల్ చెయ్యమనండి. ఏ కాలమ్‌ని ఏ రకంగా పెట్టారో, ఏ షరతు చూశారో అన్నీ అందులో కనబడతాయి.

జాస్ప్ బృందంలోంచి బయటికొచ్చిన వాళ్లే మొదలుపెట్టిన జమోవి కూడా ఉచితమే, అదీ మంచిదే. డేటాని అక్కడే టైపు చేసుకుంటూ, కొత్త కాలమ్‌లు లెక్కించుకుంటూ పోవడం అందులో నాకు సులువుగా అనిపిస్తుంది. బేజియన్ వైపు వెళ్లాలనుకుంటే జాస్ప్‌దే పైచేయి. పాత ల్యాప్‌టాప్‌లలో జాస్ప్ తెరుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఓపిక పట్టండి. మెనూలు తెలుగులో లేవు. ప్రతి పెట్టె పైనా ఉన్న 'ఐ' గుర్తు నొక్కితే వచ్చే సహాయ వివరాలు ఇంగ్లీషే అయినా తేలికగా ఉంటాయి.

ఎమ్మే, పీహెచ్‌డీ మొదటి ఏడాది వాళ్లందరికీ సిఫారసు చేస్తాను. డౌన్‌లోడ్ అధికారిక సైటు నుంచే చేసుకోండి. సొంత డేటా జోలికి వెళ్లేముందు లైబ్రరీలో రోగుల ఫైలు, పురుగుల ఫైలు తెరిచి, ఒక్కో టిక్కూ తీసి పెట్టి చూడండి.