పాత ల్యాప్‌టాప్: కొత్త బ్యాటరీయా, యూపీఎస్సా?

బ్యాటరీ పూర్తిగా పోయినా చాలా ల్యాప్‌టాప్‌లు ఛార్జర్ మీద నడుస్తాయి. చిక్కల్లా కరెంటు రెప్పపాటు పోయినప్పుడే. విశాఖలో తుపాను గాలి మొదలైతే అది ఎన్నిసార్లు పోయి వస్తుందో మనకు తెలిసిందే. సేవ్ చేయని పనంతా పోతుంది, రాస్తున్న ఫైలూ పాడవ్వొచ్చు.

కొత్త బ్యాటరీ వేస్తే ఆ టెన్షన్ ఉండదు. లైబ్రరీకో ఆఫీసుకో పట్టుకెళ్లొచ్చు. కానీ పాత మోడళ్లకు కంపెనీ బ్యాటరీ దొరకడం కష్టం, బయటి రకాల నాణ్యత ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది.

ల్యాప్‌టాప్ టేబుల్ దాటకపోతే నా ఓటు యూపీఎస్‌కే, అంటే కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టెకే. 600 వీఏ (వోల్ట్-యాంపియర్) సామర్థ్యమున్న మామూలు యూపీఎస్‌లో ఎక్కువగా 12 వోల్టుల, 7 ఏహెచ్ (యాంపియర్-అవర్) బ్యాటరీ ఉంటుంది. రెండూ గుణిస్తే లెక్కకు 84 వాట్-అవర్లు, అంటే 84 వాట్లు లాగేది గంట నడిచేంత. అందులో కొంత వృథా పోయినా, 30 వాట్లు లాగే ల్యాప్‌టాప్‌కి అరగంట ఢోకా లేదు. వైఫై రూటర్‌నీ దానికే తగిలించొచ్చు. యూపీఎస్ బ్యాటరీ కూడా రెండు మూడేళ్లకు మార్చాల్సిందే. 2014 హుద్‌హుద్ తుపాను లాంటిదొస్తే మాత్రం రెండూ చాలవు.

ఏది ఎంచుకున్నా ముందు పాత బ్యాటరీని చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కింది మూత సరిగ్గా కూర్చోకపోయినా అది ఉబ్బినట్టే. వెంటనే వాడకం ఆపి, మెకానిక్ చేత తీయించండి. బ్యాటరీ తీసేస్తే కొన్ని మోడళ్లు నెమ్మదిస్తాయి, అయినా తీయాల్సిందే. తీసినదాన్ని చెత్తబండిలో వేయకండి, నలిగితే నిప్పంటుకోవచ్చు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి.