పన్నెండు రాళ్లలో ఒకటి దొంగది

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు ప్రాజెక్టుకి అగ్నిపర్వతం చేస్తానంది. వంటసోడాలో వెనిగర్ పోసి ఎర్ర నురుగు పొంగించే తంతు నాకు పడదు. పెళ్లికి ముందు జియాలజీలో ఎమ్మెస్సీ వెలగబెట్టినదాన్ని. ఇప్పుడు మారతహళ్ళిలో కోడు రాసుకుంటున్నాననుకోండి, అది వేరే సంగతి. అవెన్యూ రోడ్డు సందులో ల్యాబు సామాన్లమ్మే ఒక దుకాణంలో అగ్నిపర్వత శిలల పెట్టె కొన్నాను. పన్నెండు నమూనాలు, ఒక భూతద్దం, ఒక వివరాల కాగితం. పదిహేను వందలు చెప్పాడు. నా కన్నడం విని నవ్వి, "తెలుగులోనే అడగండమ్మా" అని యాభై తగ్గించాడు.

చెక్కపెట్టె గట్టిగా ఉంది. ఆటోలో ఇంటికొచ్చేసరికి ఒక్క రాయీ చెదరలేదు. లావా నురుగు గడ్డకట్టిన ప్యూమిస్ రాయిని బకెట్లో వేస్తే బెండులా తేలింది. వెల్డెడ్ టఫ్ ముక్క మాత్రం ముచ్చటేసింది. వేడివేడి బూడిద పేరుకుని తన బరువుకి తానే అణిగి అతుక్కుపోతే, లోపలున్న ప్యూమిస్ ముక్కలు అప్పడాల్లా పల్చబడతాయి. ఆ చారలు భూతద్దం లేకుండానే కనిపిస్తున్నాయి. కాలేజీలో కూడా ఇంత మంచి ముక్క చూడలేదు.

ఏడో నంబరు 'స్కోరియా', అంటే బుడగలతో గడ్డకట్టిన లావా రాయి, అది మాత్రం దొంగది. ఎర్రగా, బొరియలతో ఉన్నమాట నిజమే. వేలితో రుద్దితే గోరింటాకులా రంగంటింది. అసలు స్కోరియాలో బుడగల గోడలు గాజుపెంకులా గీరుకుంటాయి. ఇది లాటరైట్, మంగళూరు వైపు ఇళ్ల గోడలు కట్టే రాయి. ఫోన్ చేస్తే "రంగు ఒకటే కదమ్మా" అన్నాడు. తీసుకెళితే మాత్రం మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

నా అసలు గొడవ ఆ కాగితంతో. అగ్నిపర్వతం చిమ్మిన ముక్కలకి సైజుని బట్టి పేర్లుంటాయి. సన్నటి బూడిద, గులకరాళ్లలాంటి లాపిల్లీల మధ్య హద్దు 2 మిల్లీమీటర్లు, లాపిల్లీకి పైహద్దు 64 మిల్లీమీటర్లు. ఆపైనవి కరిగిన ముద్దలుగా ఎగిరితే బాంబులు, గట్టి రాళ్లుగానే ఎగిరితే బ్లాకులు. కాగితంలో మిల్లీ బదులు సెంటీ అని అచ్చేశారు. ఆ లెక్కన లాపిల్లీ బిందె కన్నా పెద్దది కావచ్చు. అచ్చుతప్పని సరిపెట్టుకోవచ్చు, కానీ కింద "లావా ఉంటే బిలం దగ్గర, బూడిద ఉంటే దూరం" అని రాశారు చూడండి, అది నమ్మితే పిల్లలు పాడవుతారు.

మాది రాజమండ్రి. ఊరి పక్కన కాతేరులో ఉన్న నల్లరాయి దక్కను లావాయే. పడమటి కనుమల వైపు నుంచి సుమారు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందంటారు. మరి అది బిలం దగ్గరి రాయా? బూడిద సంగతీ అంతే. బిలం పక్కనా పడుతుంది, సముద్రాలు దాటి కూడా పడుతుంది. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా పేలితే, ఆ బూడిద మన కర్నూలు సీమలోని జ్వాలాపురం దాకా వచ్చింది. అక్కడ మందంగా ఉందని బిలం దగ్గరనుకుంటే పప్పులో కాలేసినట్టే, నీళ్లు పల్లంలోకి చేర్చిన బూడిద అది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది. ఫేసీస్, అంటే ఆ పొర ఎక్కడ, ఎలా ఏర్పడిందన్నది మాత్రం పిడికెడు రాయి చెప్పదు. గాల్లోంచి రాలిన బూడిద మిట్టాపల్లం చూడకుండా దుప్పటిలా సమంగా కప్పుతుంది, గింజలు ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. నేల మీద దొర్లుకొచ్చిన వేడి ప్రవాహం లోయల్లో నిండుతుంది, పిండీ పెళ్లలూ కలిసిపోయి ఉంటాయి. ఇది తెలియాలంటే తెగిన గట్టు చూడాలి, పొరల మందం కొలవాలి. ఒక్కో రాయికీ దాని గట్టు ఫోటో జత చేసి ఉంటే ఇంకో మూడొందలైనా ఇచ్చేదాన్ని. చిత్రదుర్గం దగ్గర మరడిహళ్ళిలో నీటి అడుగున గడ్డకట్టిన దిండు లావా పెట్టుకుని, పెట్టెలో దాని ఫోటో కూడా లేకపోవడం ఏమిటో!

ఆదివారం బాల్కనీలో ముగ్గుతో వలయాలు గీశాం. నడుమ బిలం. అతుక్కుపోయిన లావా చిమ్ములూ బాంబులూ దాని అంచున, లావా, పగిలిన రాతిముక్కలు అతుక్కున్న బ్రెక్సియా వాలు మీద, వెల్డెడ్ టఫ్ లోయలో, లాహార్ అనే బూడిద బురద ప్రవాహం గడ్డకట్టిన రాయి ఏటి దారిలో. బూడిదని పిట్టగోడ దాకా చల్లింది మా పిల్ల. కాతేరు నుంచి ఎప్పుడో తెచ్చుకుని తలుపుకి అడ్డం పెట్టే నల్లరాయిని చంకనెత్తుకొచ్చి, "అమ్మా, దీన్ని పక్కింటి ఆంటీ బాల్కనీలో పెట్టాలేమో" అంది.

అయిదుకి మూడు చుక్కలు, అందులో ఒకటి వెల్డెడ్ టఫ్‌కే. కొనేవాళ్లు తెల్ల చేతిరుమాలు వెంట తీసుకెళ్లి, ఏడో నంబరుని డబ్బులిచ్చే ముందే రుద్ది చూసుకోండి.