ఉప్పు మీటరుతో ఆరేళ్లు: కింది చిన్న అంకెను చూడండి

మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో మాకు నాలుగెకరాల వరి. పల్లపు మడుల్లో ఏటా వేసవికి తెల్ల చౌడు పొంగుతుంది. అందుకే ఈ పెన్ను మీటరు కొన్నాను. ఒక వంతు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి ముంచడమే.

దీని మీద నాకు ప్రేమ పుట్టించింది వేడిని సరిచేసుకునే గుణం. ఉప్పు ఎక్కువైతే నీటిలో కరెంటు బాగా పారుతుంది, మీటరు కొలిచేది ఆ విద్యుత్ వాహకతనే. కానీ నీరు వేడెక్కినా అది డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. మీటరు ఆ తేడా తీసేసి, 25 డిగ్రీల దగ్గర ఎంత ఉంటుందో చూపిస్తుంది. పరిశోధన చేస్తున్న మా మేనకోడలు దీన్ని లద్దాఖ్‌లోని త్సో కార్ ఉప్పు సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లింది. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, 5 డిగ్రీల నీటిలో ఈ సవరణే లేకపోతే ఉప్పు 40 శాతం తక్కువగా కనిపించేదట. అక్కడి చలికీ మా రోహిణి కార్తె ఎండకూ ఒకే కొలత! ఆ సంగతి ఊళ్లో ఎంతమందికి చెప్పానో.

నిరుడు మే నెలలో ఆ గుణమే దెబ్బకొట్టింది. మిట్టమధ్యాహ్నం బండి పెట్టెలోంచి మీటరు తీసి, మా బావమరిది మడి మట్టి కలిపి నీడన ఉంచిన సీసాలో ముంచాను. 1.0 చూపింది. "నారు పోసుకోవచ్చా బావా?" అన్నాడు మా బావమరిది. పోసుకోమన్నాను. పదిహేను రోజులకు నారుమడిలో చాపంత చాపంత మేర ఆకుల కొనలు తెల్లబడి ఎండిపోయాయి. మడిలో నీళ్లున్నాయి, ఉప్పు వాటిని వేళ్లకు అందనివ్వలేదు. దాచిన అదే సీసాను సాయంత్రం చల్లబాటున కొలిస్తే 1.3. సీసాలో నీరు 28 డిగ్రీలే అయినా, పెట్టెలో కాగిన మీటరు మొన తనలోని 45 డిగ్రీలనే లెక్కలోకి తీసుకుంది. తెర అడుగున చిన్న అంకెల్లో ఆ 45 కనిపిస్తూనే ఉంది. నేను చూడలేదు. మా బావమరిది ఒక్క మాటా అనలేదు, మెరకలో మళ్లీ నారు పోసుకున్నాడు.

ఇప్పుడు ఆ కింది అంకె కదలడం ఆగేదాకా పై అంకె చదవను. రెండు నిమిషాలు పడుతుంది.

చౌడు కారు చౌడైతే (క్షారం పేరుకున్న నేల) ఈ మీటరు ఒక్కటే చాలదు, ఉదజని సూచిక (pH) పరీక్ష కూడా కావాలి. జిప్సం వేయాలో, నీరు పెట్టి ఉప్పు కడిగి తీసేయాలో అప్పుడే తెలుస్తుంది. కాలువ నీళ్లు, మురుగు పోయే దారి ఉన్న మాలాంటి వాళ్లకు మాత్రం ఈ మీటరు పనికొస్తుంది. బోరు మీదే బతికే పొలాల సంగతి నేను చెప్పలేను.