మా వేట బోటు 9.9 ఇంజనుతో రెండున్నరేళ్లు: ఇంజను మంచిదే, బిగించి ఇచ్చిన ఫ్యానే మా ప్రాణం తీసింది

షోరూమ్ వాళ్ల మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఇంజను గురించి కాదు ఆ కోపం, దానికి వాళ్లు బిగించి ఇచ్చిన ఫ్యాన్ గురించి. ప్రొపెల్లర్‌ని మా ఇంట్లో ఫ్యాన్ అనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను.

మాది విశాఖపట్నం పెద జాలారిపేట. 2023లో వేట నిషేధం ఎత్తేశాక ఈ ఇంజను కొన్నాం. 9.9 హార్స్ పవర్, ఫోర్ స్ట్రోక్, పెట్రోల్‌ది. అంతకుముందు ఉన్న కిరోసిన్ ఇంజనుతో పొగా చప్పుడూ ఎంతలా ఉండేవంటే, వేట నుంచి వచ్చాక కూడా నాన్నకి సాయంత్రం దాకా చెవుల్లో హోరు పోయేది కాదు. కొత్తది తాడు ఒక్కసారి లాగితే అందుకునేది. పక్కన కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. మొదటి వారం ఇంట్లో దాన్ని మెచ్చుకోని వాళ్లు లేరు.

మొదటి 10 గంటలు ఫుల్ త్రాటిల్ ఇవ్వొద్దని మాన్యువల్‌లో ఉంది. తమ్ముడు అక్షరాలా పాటించాడు. అసలు లోపం ఆ 10 గంటలూ బయటపడకపోవడానికి కారణం అదే. రన్నింగ్-ఇన్ అయిపోయాక నలుగురు మనుషులు, వలలు, ఐసు పెట్టెలతో మొదటిసారి ఫుల్ తిప్పాడు. త్రాటిల్ ముప్పావు దాటాక ఎంత తిప్పినా బోటు వేగం పెరగలేదు. ఇంజను గొంతు మాత్రం బరువెక్కింది. ఒడ్డుకి రాగానే నాన్న అన్న మాట: "ఇంజను మూలుగుతోందిరా, పరిగెత్తట్లేదు."

షోరూమ్‌కి ఫోన్ చేస్తే పెట్రోల్ బాగోలేదన్నారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నీరు పీలుస్తుంది కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేం. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, కొత్త పెట్రోల్ పోశాం. తేడా లేదు. ప్లగ్ మార్చమన్నారు. తీసి చూస్తే కొత్త ప్లగ్ అప్పుడే మసిబారి ఉంది, మార్చాం. రెండు రోజులకి అదీ మసిబారింది. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచే ఉంది. పెట్రోల్ పైపు మీది పంపు బల్బు నొక్కితే గట్టిగానే ఉంది, నడుస్తుండగా చప్పబడటం లేదు. అంటే పెట్రోల్ సరిగ్గానే అందుతోంది. ఫ్యాన్ లోపలి రబ్బరు బుష్ జారుతోందేమోనని, మా చెల్లి నెయిల్ పాలిష్‌తో బుష్ మీదికీ బయటి గుండ్రం మీదికీ కలిపి ఒకే గీత గీశాను. ఒక రోజు వేటకి వెళ్లొచ్చాక చూస్తే గీత చెక్కుచెదరలేదు. జారడమూ లేదు.

మూడు వారాలు ఇలాగే గడిచాయి. సీజను మొదలైన రోజులవి. పక్క బోట్ల వాళ్లు కోనాం చేపలు తెచ్చి అమ్ముకుని ఇళ్లకి వెళ్తుంటే, మావాళ్లు అప్పుడు ఒడ్డు ఎక్కేవాళ్లు. అప్పు చేసి కొన్న ఇంజను. ఇంట్లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేట మీద బతికేవాళ్లకి చెప్పక్కర్లేదు.

చివరికి ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాం. పాత మెకానిక్. ఇంజను మూత కూడా తియ్యలేదు. "ఎంత బరువు మీద తిప్పుతున్నారు బాబూ?" అని అడిగారు. మనుషులు, వల, ఐసు అన్నీ కలిపి ఏడొందల కిలోలకి తక్కువ ఉండదని చెప్పాను. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో (ఆర్‌పీఎం) చూపించే చిన్న డిజిటల్ మీటరు తీసి, దాని వైరు ప్లగ్ వైరు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, "రేపు మామూలు బరువుతోనే వెళ్లి, ఫుల్ ఇచ్చి అంకె చూడండి" అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున తమ్ముడితో నేనూ వెళ్లాను. ఇంకా చీకటే. కెరటాలు దాటాక వాడు ఫుల్ తిప్పాడు, నేను టార్చి వేసి మీటరు పట్టుకున్నాను. 4,300... 4,450... 4,500. అక్కడ ఆగిపోయింది. మాన్యువల్ ప్రకారం ఫుల్ త్రాటిల్‌లో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. ఐదు నిమిషాలు చూసినా ఆ అంకె 4,500 దాటలేదు. అవతల డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ దీపం తిరుగుతోంది, ఇవతల నా చేతిలో ఈ అంకె కదలకుండా నిలబడింది. ఇన్నాళ్లూ నాన్న విన్న మూలుగు ఇదే.

ఒడ్డుకొచ్చాక పెద్దాయన ఫ్యాన్ మీది ఉప్పూ ఇసకా తుడిచి అంకెలు చూపించారు. రెండో అంకె 10. పిచ్ అన్నమాట, ఒక చుట్టు తిరిగితే 10 అంగుళాలు ముందుకు పోవాలని దాని లెక్క. తేలిక బోటుకి అది బాగుంటుంది. బరువు బోటుకి మాత్రం, ముగ్గురిని ఎక్కించుకుని సింహాచలం ఘాట్ రోడ్డు టాప్ గేర్లో ఎక్కినట్టే. ఇంజను తిరగాల్సినంత తిరగలేదు, పెట్రోల్ సరిగ్గా కాలదు, ప్లగ్ మసిబారుతుంది, అలాగే నడిపిస్తే ఇంజనే పాడవుతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందట. మాకు 7 పిచ్ వేసుకోమన్నారు.

ఫ్యాన్ ఆరు వేల చిల్లర అయింది. విప్పి బిగించడానికి పావుగంట పట్టలేదు. మర్నాడు అదే బరువుతో మీటరు 5,100 చూపించింది. ఫోన్లో జీపీఎస్ చూస్తే గంటకి 10 కిలోమీటర్ల నుంచి 12 దాటింది. ఒక రోజు వేటకి 14 లీటర్లు తాగే ఇంజను 11తో సరిపెట్టుకుంది. నాన్న ఏమీ అనలేదు, ఇంజను మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచారు.

షోరూమ్ వాళ్లు ట్రయల్ చూపించింది ఇద్దరు మనుషులతో, ఖాళీ బోటు మీద. వేటకి వాడతామని మేం చెప్పే కొన్నాం. ఏ బరువు మీద నడుపుతారు అని ఒక్క మాట అడిగి ఉంటే మాకు మూడు వారాల వేట పోయేది కాదు. వారంటీలో ఫ్యాన్ మార్చమంటే "అందులో లోపం లేదు కదా" అన్నారు. నిజమే, లోపం లేదు. కానీ అది మా బోటుకి పెట్టాల్సిన ఫ్యాన్ కాదు.

రెండున్నరేళ్ల తర్వాత మిగతా సంగతులు. ఒక్క లాగుడికి అందుకుంటుందని పైన రాశాను, అది రోజూ వాడుతున్నప్పటి మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధంలో ట్యాంకులో పెట్రోల్ వదిలేసిన ఏడాది, కార్బొరేటర్ విప్పి కడిగేదాకా అందుకోలేదు. ఇప్పుడు నిషేధానికి ముందే పైపు ఊడదీసి, ఉన్న పెట్రోల్ అంతా తాగేదాకా నడిపి ఆపుతున్నాం. చప్పుడు తక్కువన్నదీ 7 పిచ్ వేశాక కొంచెం మారింది, ఇంజను ఎక్కువ తిరుగుతుంది కదా. ఖాళీ బోటుతో వస్తుంటే 10 పిచ్ అంత వేగం రాదు. ఇంజను బరువు కూడా 40 కిలోల పైనే. సాయంత్రం ఇంజను విప్పి భుజాన వేసుకుని ఇసకలో నడవాలంటే నాన్న వయసు వాళ్లకి కష్టం.

మళ్లీ కొంటారా అంటే, మాలాగా ఒడ్డు మీది నుంచి దింపి, నలుగురితో బరువు వేటకి వెళ్లేవాళ్లయితే కొనొచ్చు. కానీ డబ్బు కట్టే ముందే 7 పిచ్ ఫ్యాన్ బిగించి, మీ బరువుతో, మీటరు పెట్టి ట్రయల్ చూపించమనండి. రుషికొండ వైపు ఇద్దరు ముగ్గురితో తేలిక బోటు తిప్పుకునేవాళ్లకి 10 పిచ్చే సరిపోవచ్చు, వాళ్లకి నా గొడవ అర్థం కాకపోవచ్చు కూడా. ఇసక మీద నుంచి దింపడం వల్ల మాకు ఇంజనుని చల్లబరిచే నీటి పంపు ఇంపెల్లర్ (లోపలి రబ్బరు చక్రం) ఇప్పటికే ఒకసారి మార్చాల్సి వచ్చింది. జెట్టీ దగ్గర కట్టుకునేవాళ్లకి ఆ ఖర్చు అంత త్వరగా రాకపోవచ్చు.

పాత 10 ఫ్యాన్ పారెయ్యలేదు. స్పేరుగా బోటులోనే ఉంది, పానా, రెండు పిన్నులతో కలిపి సంచీలో కట్టి.